ఎత్తు సీటు, వెడల్పు తలుపు

అల్బాక్, సెప్టెంబర్ 11

ఒతీలియక్కా,

నీ ఉత్తరం, నువ్వు పంపిన ఎండు చేపలు అందాయి. వాసన సంచి దాటిందని పోస్టాయన మొహం చిట్లించుకుంటూ ఇచ్చి పోయాడు. చెవులు ఇంకా మందగించాయని రాశావు. ఫోన్లో నీకు అరిచి చెప్పడం కన్నా ఇలా రాసుకోవడమే నాకూ హాయి. మా ఇంటి గోడలు చెక్కవి. ఈ గదిలో తుమ్మితే ఆ గదిలోంచి చిరంజీవ అంటారు.

ఈ ఏడు ఆల్‌బుఖారా చెట్లు కొమ్మలు విరిగేలా కాశాయి. సారా కాచే ఓపిక ఎవరికీ లేక సగం పళ్ళు చెట్ల కిందే కుళ్ళుతున్నాయి. కందిరీగలకి పండగ.

అసలు సంగతి. మేం కారు కొందామనుకుంటున్నాం. పాతది ఇక మాకు పనికిరాదు. చిన్నదే గాని కాస్త ఎత్తుగా, జీపులా కనిపిస్తుందే, ఈమధ్య అందరూ కొంటున్న రకం. చూసి చూసి రెండు దగ్గర ఆగాం. ఒకటి జపాన్‌ది, ఒకటి ఫ్రాన్స్‌ది. మా పోస్టుమాస్టరుకి మొదటిది ఉంది, పశువుల డాక్టరమ్మకి రెండోది. ఇద్దరూ తమ బండిని దేవుడు స్వయంగా కూర్చుని బిగించాడన్నట్టు మాట్లాడతారు. వాళ్ళనడిగి లాభం లేదు. నువ్వు చెప్పు. సీటు దేనికి ఎత్తు? పక్కసీటు తలుపు ఏది ఎక్కువ తెరుచుకుంటుంది? రెండిట్లోనూ గేర్లు మార్చే పని లేని రకం దొరుకుతుందా?

ఇంటికి ఫోను మాత్రం చెయ్యకు. చేసినా ఈ ప్రశ్నలన్నీ నేను అడిగినట్టు మా అవ్రాముతో అనకు.

నీ వెతూరియా


కాన్‌స్టాంట్సా, సెప్టెంబర్ 22

వెతూ,

ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి జనానికి కారు నేర్పాను. నేర్చుకున్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు రోడ్డు మీద నన్నే గుద్దబోతారు. ఇన్నేళ్ళలో బండి ఎలా లాగుతుంది, బ్రేకు ఎలా పడుతుంది, ఎంత తాగుతుంది అని అడిగినవాళ్ళున్నారు గాని సీటు ఎత్తెంత అని అడిగినదానివి నువ్వొక్కదానివే. కుర్చీ కొంటున్నావా, కారు కొంటున్నావా?

మీ ఆయనకి అరవై దాటాక పుట్టిన సరదా కదూ ఇది? మీ కొండల్లో చెక్క పీపాలు, గంగాళాలు చేసి సంతల్లో అమ్ముకునే మనిషికి గేర్లు కూడా మార్చుకోలేనంత దొరతనం ఎందుకు? మరిది కాబట్టి ఇంతకన్నా అనను.

సరే, అడిగావు కాబట్టి. జపాన్ బండికి నాలుగు చక్రాలూ లాగే రకం ఉంది. మీ కనుమ దారిలో జనవరి మంచుకి అదే నయం. ఫ్రెంచిది మెత్తన, లోపల విశాలం, సోఫాలో కూర్చున్నట్టుంటుంది. నన్నడిగితే జపాన్‌దే. సోఫా కావాలంటే ఇంట్లో కొనుక్కోండి.

ఇక్కడ సముద్రపు కాకులు బాల్కనీలో ఆరబెట్టిన చేపల్ని ఎత్తుకుపోతున్నాయి. నీకు పంపినవి వాటి నోటికాడివే.

మీ అక్క


అల్బాక్, అక్టోబర్ 5

అక్కా,

సరదా కాదులే. వదిలెయ్.

అవ్రాము దుకాణంలో చెక్క కోసే మిషన్లు అమ్మేశాడు. కొన్నవాళ్ళు వచ్చి తీసుకెళ్తుంటే కిటికీ దగ్గర కూడా నిలబడలేదు. నేను ముందు గదిలో విడిగా మంచం వేసుకున్నాను.

నీకొక్కదానికే చెప్తున్నా, నేను కారు నేర్చుకుంటున్నాను. ఈ వయసులో. కంపేని టౌనుకి, పంటి డాక్టరు దగ్గరకని చెప్పి వెళ్తున్నా. నేర్పే ఆయన నీలా అరవడు. ప్రతిసారీ నిట్టూరుస్తాడు, అది ఇంకా అన్యాయం. వెనక్కి పోనివ్వడం అసలు రావట్లేదు.

ఇప్పుడు ఇది చెప్పు. ఒక్క ఆడమనిషి, పక్కన సాయం లేకుండా, బరువైన సామాను డిక్కీలో పెట్టాలంటే ఏ బండి నయం? డిక్కీ అంచు దేనికి కిందికి ఉంటుంది? దాచకుండా రాయి, నవ్వకుండా రాయి.

వెతూరియా


కాన్‌స్టాంట్సా, అక్టోబర్ 15

నా బంగారు చెల్లీ,

నాకు అంతా అర్థమైంది. నువ్వు ఆయన్ని వదిలేసి వస్తున్నావు.

విడిగా మంచం. దొంగచాటుగా కారు పాఠాలు. ఒక్కదానివే ఎత్తుకోవాల్సిన సామాను. ముందే చెప్పొచ్చు కదే! నేనేమైనా పరాయిదాన్నా? పెళ్ళినాడే అనుకున్నాను, ఈ మనిషి తన పీపాలతో మాట్లాడినంత కూడా మా పిల్లతో మాట్లాడడని. మీ బావ పోయినప్పుడు అంత్యక్రియల భోజనంలో నా పక్కనే కూర్చుని, ఒక్క ఓదార్పు ముక్క అనకుండా రెండు పళ్ళేల సార్మాలు, ఆ క్యాబేజీ చుట్టలు, తిని లేచాడు. నేను మరిచిపోలేదు.

నా వెనక గది ఖాళీగానే ఉంది. పరుపు కొత్తది. ఫ్రెంచి బండే కొను. డిక్కీ లోతు, అంచు కిందికి ఉంటుంది, నీ కుట్టు మిషను, దుప్పట్లు అన్నీ పడతాయి. వెనక్కి పోనివ్వడం రాకపోతే పోయింది, నువ్వు ముందుకేగా రావాలి. నిన్నెవరూ తప్పు పట్టరు. పట్టినా నాకు వినపడదు.

ఎదురుచూస్తూ, అక్క


అల్బాక్, అక్టోబర్ 26

అక్కా,

నీ ఉత్తరాలన్నీ, దాటెయ్యాల్సిన ముక్కలు దాటేసి, నేను అవ్రాముకి పైకి చదివి వినిపిస్తాను. నీ తిట్లంటే ఆయనకి ఇష్టం. ఈసారీ అలవాటుగా వంటింట్లో బల్ల దగ్గర కవరు చింపి మొదలుపెట్టాను. వదిలేసి వస్తున్నావు అన్న మాట నా నోట్లోంచి బయటపడ్డాక గాని ఏం చదువుతున్నానో నాకు తెలియలేదు. ఆగిపోయాను.

"ఆపావేం? మంచి పట్టులో ఉంది, చదువు" అన్నాడు.

చదివాను. కారు పాఠాల మాట మాత్రం దాటేశాను. సార్మాల దగ్గరకొచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి పొలమారింది. పొలమారితే ఇప్పుడు ఆయనకి తేలిగ్గా ఆగదు. వీపు రాసి, నీళ్ళు పట్టించి, మూతి తుడిచాక అన్నాడు: "మూడు పళ్ళేలు తిన్నాను, రెండు కాదు. ఏం మాట్లాడాలో తోచక. మీ అక్క చెప్పినట్టు చెయ్యవే. వెళ్ళిపో."

"నోరు ముయ్యి" అన్నాను.

"తమాషాకి అనట్లేదు వెతూ. కాళ్ళున్నదానివి, పో."

అప్పుడు నవ్వట్లేదు.

అక్కా, అవ్రాముకి జబ్బు. కిందటి చలికాలం నుంచే. ముందు చేతిలోంచి సుత్తి జారేది. వయసనుకున్నాం. తర్వాత కాళ్ళు. క్లుజ్‌లో పెద్ద డాక్టరు తేల్చి చెప్పింది. నరాలు ఒక్కొక్కటీ కండకి కబురు పంపడం మానేస్తాయట. మందు లేదు. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నీకు అసలే చెప్పొద్దన్నాడు. నువ్వు జాలిపడితే తట్టుకోలేనన్నాడు.

నెలనెలా క్లుజ్ తీసుకెళ్ళాలి, బండి నడపడానికి ప్రతిసారీ ఎవరో ఒకర్ని బతిమాలుతున్నాం. మా పాత కారు సీటు నేలకి ఆనుకున్నట్టుంటుంది. వేసవి చివర్లో మందుల షాపు ముందు ఆయన్ని దింపబోతే రాలేదు. నేనూ, షాపాయనా చెరో చెయ్యి పట్టి లాగాం. ప్యాంటు జారిపోయింది. బజారంతా చూస్తోంది. ఇంటికొచ్చాం. గుమ్మంలో అన్నాడు, "ఎత్తుగా ఉండే బండి చూడు" అని.

అదీ కథ. డిక్కీలోకి ఎక్కించాల్సింది కుట్టు మిషను కాదు, మడతపెట్టే చక్రాల కుర్చీ. మంచం విడిగా వేసింది, నేను పక్కన కదిలితే ఆయనకి కాళ్ళు పట్టేస్తున్నాయని.

వెతూరియా


కాన్‌స్టాంట్సా, నవంబర్ 4

చెల్లీ,

చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. ఏం రాయాలో తోచక కొలిచే టేపు తీసుకుని బయల్దేరాను.

మొదట ఫ్రెంచి షోరూము. అక్కడొక మీసాలాయన, పెళ్ళికొడుకులా సూటు. "బండి నడిపి చూస్తారామ్మా?" అన్నాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టి మళ్ళీ చెప్పించుకున్నాను. "నేను నడపను. నన్ను ఎత్తి లోపల కూర్చోబెట్టండి, మళ్ళీ దింపండి. నేను కాళ్ళూ చేతులూ కదపను" అన్నాను. నా బరువూ అవ్రాము బరువూ ఒకటే అయ్యుంటుందిగా. ఆయన ఇటూ అటూ చూసి, మా మేనేజరుని పిలుస్తానన్నాడు. ఆయనా, మేనేజరూ కలిసి ఎత్తారు. వెతూ, తలుపు చక్కగా విచ్చుకుంటుంది, దాదాపు గోడలా పక్కకి పోతుంది. సీటు నా తుంటి ఎత్తుకి ఉంది. ముందు పిరుదులు ఆనించి, తర్వాత కాళ్ళు తిప్పి లోపల పెడితే చాలు. ఎత్తక్కర్లేదు, జరిపితే చాలు. దింపడమూ అంతే.

జపాన్ దాంట్లో సీటు ఇంకా కాస్త ఎత్తే గాని తలుపు కొంచెం తక్కువ తెరుచుకుంటుంది. మోకాలు తగిలింది. కమిలింది కూడా. అక్కడ ఎత్తిన ఆయన నడుం పట్టుకున్నాడు, నేను రెండు మాత్రలిచ్చాను.

ఫ్రెంచిదే కొనండి. కిందటిసారి కూడా అదే చెప్పాను, వేరే కారణానికి.

అవ్రాముతో చెప్పు: జాలి నాకు రాదు. వచ్చినా చూపించడం తెలియదు. అది ఆయనకీ నాకూ ఒకటే జబ్బు.

అక్క


అల్బాక్, నవంబర్ 21

అక్కా,

నువ్వు ఎత్తించుకున్న సంగతి చదివిన రోజు ఆయన రొట్టె కూడా తిన్నాడు. "ఆ మీసాలాయనకి స్వర్గం ఖాయం" అన్నాడు. మాట ముద్దగా వస్తోంది. నాకు అర్థమవుతుంది, బయటివాళ్ళకి కష్టం.

క్లుజ్ వెళ్ళినప్పుడు పట్టుబట్టి షోరూముకి తీసుకెళ్ళమన్నాడు. ఫ్రెంచి దాంట్లో కూర్చోబెట్టాం. జరిపితే చాలని నువ్వన్నది నిజం. కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఎంత పిలిచినా దిగనంటాడు. "బండి వచ్చేసరికి వసంతమంటున్నారుగా. నన్నూ ఇందులోనే ఉంచి, దాంతో పాటు పంపించండి." షాపువాళ్ళకి ఆ ముద్దమాటలు అర్థం కాక నా వంక చూశారు. బాగుందంటున్నారు అని చెప్పాను. ఆర్డరు ఇచ్చాం. బూడిదరంగు.

ఇంటికొచ్చే దారిలో అద్దె కారు మలుపు తిరిగినప్పుడు ఆయన తల నా భుజం మీద పడింది. నిద్రపోయాడనుకున్నాను. నిద్ర కాదు. మెడ ఆగట్లేదు. మనసులో వెంటనే వచ్చిందేమిటో తెలుసా? ఫ్రెంచి బండి సీటు ఎంతవరకు వెనక్కి వాలుతుందో మనం చూడలేదే అని. ఆయన గురించి కాదు, సీటు గురించి. నేనేమైపోతున్నానక్కా?

వీలైతే చూసి రాయి.

వెతూ


కాన్‌స్టాంట్సా, డిసెంబర్ 3

వెతూ,

చూశాను. మీసాలాయన నన్ను చూడగానే లోపలి గదిలోకి వెళ్ళబోయాడు. ఈసారి ఎత్తక్కర్లేదు, వాల్చి చూపించండి చాలన్నాను. ఫ్రెంచి సీటు సగంలో ఆగిపోతుంది. జపాన్‌ది బాగా వెనక్కి వాలుతుంది, తలకి దన్ను కూడా పైకీ కిందికీ జరుగుతుంది. మోకాలి సంగతి అలా ఉంచు, మెడే ముఖ్యం ఇప్పుడు. ఆర్డరు మార్చు. ఈ ఉత్తరం అందగానే మార్చు.

క్రిస్మస్‌కి నేను వస్తాను. రైలు టికెట్టు చూసుకున్నాను. నాకు వంట చేసిపెట్టక్కర్లేదు. నేనే చేస్తాను.

అక్క


అల్బాక్, డిసెంబర్ 16

అక్కా,

మార్చాను. జపాన్‌దే. అదే బూడిదరంగు. మళ్ళీ మొదటి నుంచీ వరుసలో నిలబడ్డట్టేనట. ఏప్రిల్ అన్నారు.

క్రిస్మస్‌కి రాకు. ఇంతకన్నా రాయలేను. ఇల్లు మంచు కింద ఉంది, తలుపు తియ్యాలంటే ముందు పార పట్టాలి.

వెతూరియా


కాన్‌స్టాంట్సా, జనవరి 4

వెతూరియా,

రావద్దన్నది ఆయనా, నువ్వా? ఆయనైతే సరే. నువ్వైతే, నేను వదిలేసి రమ్మన్నందుకు ఇంకా మనసులో పెట్టుకున్నావన్నమాట. మొదటే చెప్పివుంటే అనేదాన్నా? మీరిద్దరూ నన్ను బయట నిలబెట్టి, లోపల ఏముందో చూడకుండా మాట్లాడావని తప్పు పడుతున్నారు.

టికెట్టు వాపసు ఇచ్చాను. మా కింది ఇంటివాళ్ళు పిలిస్తే వెళ్ళి, వాళ్ళు ఏం పాడుతున్నారో వినపడక చప్పట్లు కొట్టి వచ్చాను.

సీటు మీద వేసే గుండ్రటి మెత్త పంపుతున్నాను. కూర్చోబెట్టి తిప్పితే మనిషి తనంతట తానే కారులోకి తిరుగుతాడు. రెండు బండ్లలోనూ వేసి చూశాను. జపాన్ దాంట్లో బాగా తిరిగింది.

ఒతీలియా


అల్బాక్, జనవరి 20

అక్కా,

కోపం తెచ్చుకోకు, కోపానికి ఇప్పుడు మా ఇంట్లో చోటు లేదు. రావద్దన్నది ఆయనే. ముక్కుకి గొట్టం పెట్టుకుని నీకు కనపడలేనన్నాడు. అన్నాడంటే నోటితో కాదు. క్రిస్మస్ ముందే మాట పోయింది. కళ్ళతో అంటాడు. నేను అడుగుతాను, ఔనంటే మూస్తాడు, కాదంటే తెరిచే ఉంచుతాడు.

మెత్త వచ్చింది. మంచం మీద ఆయనకి చూపించాను. చాలాసేపు చూశాడు.

పండగ వెళ్ళాక ఊపిరి అందక క్లుజ్ తీసుకెళ్ళాల్సి వచ్చింది. అంబులెన్సులో, పడుకోబెట్టి. డాక్టరు నాతో బయట చెప్పింది, ఇక ఈయన్ని కూర్చోబెట్టి ఎక్కడికీ తీసుకెళ్ళకూడదు, ఊపిరి ఆగిపోతుంది, పడుకోబెట్టే తిప్పాలని. నేను తలూపుతూ నిలబడ్డాను. తలుపులు, సీట్లు, డిక్కీ అంచులు, మెడకి దన్ను, అన్నీ చూశాం అక్కా. నువ్వు మోకాలు కమిలించుకున్నావు. ఆ రెండు బండ్లలోనూ మనిషి పడుకోవడానికి చోటు లేదు.

నేను డ్రైవింగు పరీక్షలో నెగ్గాను. అదే వారం. వెనక్కి పోనివ్వడం కూడా వచ్చింది. ఆయన చెవిలో చెప్పాను, పంటి డాక్టరు దగ్గరకి కాదు వెళ్ళిందని. కళ్ళు మూశాడు. తెలుసట. మొదటినుంచా అంటే మళ్ళీ మూశాడు.

నిన్న అడిగాను: "అక్క రావాలా?" కళ్ళు తెరిచే ఉంచాడు. మళ్ళీ అడిగాను: "అవ్రామూ, నాకోసం రావాలా?" మూశాడు.

రా.


కాన్‌స్టాంట్సా, జనవరి 26

గురువారం రైల్లో బయల్దేరుతున్నాను. క్లుజ్ నుంచి బస్సులో వస్తాను, ఎదురు రావద్దు. ఆయన పక్కనుంచి కదలకు.

అక్క


అల్బాక్, ఏప్రిల్ 2

అక్కా,

ఇల్లు చేరిన కబురు అందింది. నువ్వు వెళ్ళాక మంచు కరిగి, వాకిలంతా బురద. ఆయన పోయిన నలభయ్యో రోజున కొలివకి గోధుమలు తీపిగా ఉడికించి చర్చి దగ్గర పంచాను. నువ్వు దంచి పెట్టిపోయిన అక్రోట్లే వేశాను. అందరూ తిన్నారు, బాగుందన్నారు. పోయినవాళ్ళ పేరు మీద పెట్టింది ఎవరు బాగాలేదంటారు?

నువ్వొచ్చాక ఆయన ఉన్న ఆ రెండు వారాలు నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తున్నాయి. నీకు వినపడదు, ఆయనకి మాట లేదు. నేను నిద్రపోతే మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చునేవాళ్ళు. అన్నేళ్ళు నోరూ చెవులూ ఉండి కుదరనిది అప్పుడెలా కుదిరిందో. నువ్వు ఆయనకి గడ్డం గీస్తూ, "సార్మాలు మూడు పళ్ళేలు కాదు, నాలుగు. నేను లెక్కపెట్టాను" అన్నప్పుడు ఆయన కళ్ళు తెరిచే ఉంచాడు. కాదని. ఆఖరి వాదన అదే ఇంట్లో.

సోమవారం క్లుజ్ నుంచి ఫోన్ వచ్చింది. "శుభాకాంక్షలమ్మా, మీ బండి వచ్చేసింది!" ఆర్డరు రద్దు చెయ్యడమే మరిచిపోయాను. ఫోన్లోనే వద్దని చెప్పేయొచ్చు. కాని బస్సెక్కి వెళ్ళాను. ఎందుకో అడక్కు.

బయట ఎండలో పెట్టి ఉంది, బూడిదరంగుది. పక్కసీటు తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను. సీటు వాల్చాను. నువ్వు రాసినంతా వాలింది. షోరూమాయన అద్దం దగ్గరకొచ్చి, "స్టీరింగు అటువైపుందమ్మా" అన్నాడు. తెలుసన్నాను. కాసేపు కప్పు వంక చూస్తూ పడుకున్నాను. తర్వాత దిగి, తీసుకోవట్లేదని చెప్పాను. మొహం మాడ్చుకుని కాగితాలకోసం లోపలికి వెళ్ళాడు.

అక్కడొక జంట ఉంది. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. నడుం మీద చెయ్యి వేసుకుని ఆ బండి చుట్టూ తిరుగుతోంది. ఎదురుగా రోడ్డవతల ఫ్రెంచి షోరూము, అబ్బాయి చూపు అటే ఉంది.

"ఆంటీ, మీరు ఇదే తీసుకుంటున్నారా? రెండిట్లో ఏదో మేం తేల్చుకోలేకపోతున్నాం. రోజూ పోట్లాటే" అంది.

చెప్పాను అక్కా. అన్నీ చెప్పాను. తలుపు ఏది ఎక్కువ విచ్చుకుంటుందో, సీటు దేనికి ఎత్తో, దేనిది వెనక్కి వాలుతుందో, డిక్కీ అంచు మీంచి బరువు ఎక్కించాలంటే ఏ చెయ్యి ముందు పెట్టాలో. అబ్బాయి నోరు తెరిచి విన్నాడు. షోరూమాయన కూడా కాగితాలు పట్టుకుని నిలబడి విన్నాడు.

"ఎంత చూశారాంటీ! ఇంత చూసి కొనేది ఎవరికోసం?"

"మా ఆయనకి."

"మరి ఆయనకి ఏది నచ్చింది?"

ఆయన్ని ఆ మాట ఎప్పుడూ అడగనే లేదని అప్పుడు తట్టింది. "ఏది ముందొస్తే అది" అన్నాను. ఇద్దరూ నవ్వారు. "మీరూ అంతే చెయ్యండి, ఈరోజే కొనుక్కుని పొండి" అన్నాను. వాళ్ళు మళ్ళీ నవ్వి, ఇంకోసారి రోడ్డు దాటి అటు చూడ్డానికి వెళ్ళారు.

సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

లైసెన్సు కార్డు నిన్న పోస్టులో వచ్చింది. ఫొటోలో నేను భయపడ్డట్టున్నాను. ఇప్పుడైనా ఒక బండి కొనుక్కుని తిరుగు, మనసు తేలికపడుతుంది అంటోంది పశువుల డాక్టరమ్మ. ఊళ్ళో అందరిదీ అదే మాట. ఎక్కడికి తిరగనక్కా? నేను నేర్చుకున్నది ఒక్క మనిషిని, ఒక్క దారిన తీసుకెళ్ళి తీసుకురావడానికి. ఇంకో దారి నేర్చుకోలేదు.

నీ వెతూ